కార్డు మీద పందొమ్మిది: ఏజెన్సీలో ఒక పదహారేళ్ల గర్భిణి కేసు

ఈ కేసులో తల్లి బతికింది, బిడ్డా బతికింది. అందుకే ఏ సమీక్షలోనూ దీని ప్రస్తావన రాలేదు. మాతృ మరణం జరిగితే ఆడిట్ ఉంటుంది, పై అధికారుల ముందు కూర్చుంటాం, ఏ పూట ఏం జరిగిందో తవ్వుతాం. బతికి బయటపడిన కేసును ఎవరూ తవ్వరు. నేను మాత్రం ఏడాదిన్నరగా తవ్వుకుంటూనే ఉన్నాను. ఇందులో జరిగిన రెండు పెద్ద తప్పుల్లో ఒకటి నాది.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మెడికల్ ఆఫీసరుని. అమ్మాయిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఊరి పేరు, మండలం పేరు రాయను. తెగ పేరు కూడా రాయను. ఇది గోప్యత కోసమే కాదు. తెగ పేరు కనబడగానే "ఓహో, వాళ్లలో అంతేలే" అనుకుని, కారణం దొరికేసినట్టు పక్కకు వెళ్లిపోతారు. మా స్టాఫ్ మీటింగుల్లో ఆ మాట చాలాసార్లు విన్నాను. నేనూ అన్నాను.

అంకెలు చూస్తే ఆ మాట నిలబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి దేశం మొత్తం మీద 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 12.6. అంతకు ముందు విడతలో ఇది 11.8. అంటే తగ్గలేదు సరికదా పెరిగింది. తెలంగాణలో 5.8. ఛత్తీస్‌గఢ్‌లో 3.1. 2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభాలో గిరిజనులు 30 శాతం పైమాటే, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఐదున్నర శాతం. ఆచారమే అసలు కారణమైతే ఈ రెండు రాష్ట్రాల అంకెలు తారుమారై ఉండాలి. రాష్ట్రం సగటును బట్టి ఒక తెగ సంగతి చెప్పలేం, ఒప్పుకుంటాను. కానీ "ఆచారం" అనేసి చేతులు దులుపుకునేవాళ్లకు ఈ లెక్క అడ్డం పడుతుంది.

నేపథ్యం

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరసలో పెట్టి రాస్తున్నాను.

అమ్మాయి మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల హాస్టల్లోనే పెరిగింది. తండ్రి లేడు. తల్లి ఏటా సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిర్చి కోతలకు పోతుంది, ఎండలు ముదిరాక తిరిగి వస్తుంది. తమ్ముడూ చెల్లీ అమ్మమ్మ దగ్గర. పదో తరగతి పరీక్షలు అయిపోగానే హాస్టల్ ఖాళీ చేయించారు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరొచ్చేసరికి ఇంటికి తాళం. ఎనిమిదేళ్లుగా సెలవులకు మాత్రమే వచ్చిన ఊరు అది. ఈడు పిల్లలతో స్నేహం లేదు, పోడు పని రాదు, కాఫీ తోటలో చేయి తిరగలేదు. ఫలితాలొచ్చాయి. లెక్కల్లో 27. మిగతావన్నీ పాస్.

సప్లిమెంటరీ ఫీజు కట్టమని మాస్టారు వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఆ అమ్మాయికి ఫోను లేదు. ఊళ్లో సిగ్నల్ కావాలంటే చింతచెట్టు దాటి గుట్టెక్కాలి. గడువు దాటిపోయిన సంగతి ఆమెకు జూన్ నెలాఖరులో తెలిసింది. అప్పటికి ఆమె మరో ఇంట్లో ఉంది.

చైత్రంలో ఇక్కడ ఇటుకల పండగ. రాత్రుళ్లు థింసా ఆట, ఊరూరి నుంచీ కుర్రాళ్లు. పక్క ఊరి అబ్బాయి, పందొమ్మిదేళ్లవాడు, పండక్కి సౌండ్ బాక్సులు మోసుకొచ్చాడు. మే నెల మధ్యలో ఇద్దరూ కలిసి అతని ఇంటికి వెళ్లిపోయారు. దీన్ని ఇక్కడ ఉదలియా అంటారు. మైదానంలో "లేచిపోయారు" అంటే పరువు పోయినట్టు. ఇక్కడ అలా కాదు. ఇది కూడా మనువుకొక దారి. తర్వాత పెద్దలు కూర్చుంటారు, ఓలి (మగపిల్లవాడి వైపువాళ్లు ఆడపిల్ల ఇంటికి ఇచ్చే సొమ్ము) మాట్లాడతారు, రెండిళ్లవాళ్లూ భోజనం చేస్తారు. కట్నం అనే మాటే లేదు. మగవాడితో పొసగకపోతే ఆడది విడిచి వచ్చి మరో మనువు చేసుకున్నా ఎవరూ వేలెత్తి చూపరు. మైదానంలో చాలామంది ఆడవాళ్లకు లేని వెసులుబాటు ఇది. అందుకే ఈ ఆచారాన్ని దొంగలా నిలబెట్టి మాట్లాడటం నాకు నచ్చదు. ఈ కేసులో పెద్దలు జూన్‌లో కూర్చున్నారు. ఓలి కొంత అప్పుడే, మిగతాది కాఫీ డబ్బులొచ్చాక అని తేల్చారు. మిర్చి కోతల నుంచి వచ్చిన తల్లికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మరి మనువు అయిందనగానే కడుపు ఎందుకు రావాలి? నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. అబ్బాయికి నిరోధ్ అంటే తెలుసు. ఉచితంగా ఇస్తారనీ తెలుసు. ఇచ్చేది ఆశ కార్యకర్త. ఆ ఊరి ఆశ అతనికి స్వయానా మేనత్త. "అత్తని ఎలా అడుగుతాం మేడం?" అని తర్వాతెప్పుడో అన్నాడు. గర్భ నిర్ధారణ కిట్టూ ఆమె దగ్గరే ఉంటుంది. ముప్పై నలభై గడపల ఊళ్లో ఆశ ఎవరో ఒకరికి అత్తో, అక్కో, వదినో కాకుండా ఉండదు. మేం దీన్ని బలం అనుకుంటాం, ఇంటింటికీ చొరవ ఉంటుందని. బాలింతకు అది బలమే. ఇంకా పిల్లలు వద్దనుకునే చిన్న వయసు జంటకు మాత్రం అదే అడ్డుగోడ. పీహెచ్‌సీకి రావాలంటే నాలుగు కిలోమీటర్లు నడక, ఆపైన ఏడు కిలోమీటర్లు ఆటో. ఆ ఆటోలోనూ చుట్టాలే.

మా దగ్గరికి వచ్చిన తీరు

నవంబరు 9. ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తాం. ఆ రోజు అరవై మందికి పైగా ఉన్నారు. ఆ అమ్మాయి అత్తగారితో కలిసి వరసలో నిలబడింది. తల్లీబిడ్డల కార్డు మీద ఆకుపచ్చ స్టిక్కరు, అంటే ప్రమాదమేమీ లేదని. వయసు: 19. బరువు 38 కిలోలు, ఎత్తు 144 సెంటీమీటర్లు, రక్తం (హిమోగ్లోబిన్) 8.2 గ్రాములు. చివరి నెలసరి లెక్క ప్రకారం 24 వారాల ఐదు రోజులు.

నేను కార్డు చూసి పంపించేసేదాన్నే. చలికి ఆమె ఒక స్వెట్టరు వేసుకుంది. మెరూన్ రంగు, మోచేతుల దగ్గర పిగిలింది. ఎడమ వైపు రొమ్ము మీద గుండ్రంగా ఒక జాగాలో రంగు ముదురుగా ఉంది, చుట్టూ సూది రంధ్రాలు. అక్కడున్న బడి బ్యాడ్జీని ఎవరో కూర్చుని, పోగు పోగూ లాగి తీసేశారు. "ఏ స్కూలమ్మా?" అన్నాను. చెప్పింది. అచ్చమైన హాస్టల్ తెలుగు, పుస్తకంలో ఉన్నట్టు. "ఏ సంవత్సరం?" అంటే తల దించుకుంది. అత్త ఒడియాలో ఏదో అంది. మా ఏఎన్‌ఎం (ఉపకేంద్రం నర్సు) నా వైపు చూడలేదు.

ఆధార్ తీశాం. పుట్టిన తేదీ జనవరి 1. మా దగ్గర ఊళ్లకు ఊళ్లే జనవరి 1న పుట్టి ఉంటాయి. క్యాంపులో నమోదు చేసినవాళ్లు తేదీ తెలియకపోతే అదే వేశారు. ఆ లెక్కన పద్దెనిమిది దాటుతుంది. కానీ వయసు తేల్చాల్సి వస్తే జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 94వ సెక్షను ముందు చూడమనేది బడి రికార్డు. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే పుట్టిన తేదీ పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ జాబితాలో ఆధార్ లేదు. ఆ సాయంత్రం బడికి ఫోన్ చేశాను. పదహారేళ్ల నాలుగు నెలలు.

మొదటి తప్పు: దయతో రాసిన అబద్ధం

కార్డు మీద 19 వేసింది మా ఏఎన్‌ఎం. పదిహేనేళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్న మనిషి. ఎన్నో కాన్పులు చేతుల మీదుగా చేసింది. గదిలోకి పిలిచి అడిగితే ఏ తడబాటూ లేకుండా చెప్పింది: "పదహారని రాస్తే పోలీసు కేసు మేడం. కేసంటే వచ్చే నెల నుంచి ఆ ఊళ్లోంచి ఒక్క గర్భిణీ రాదు. ఇంట్లోనే కంటారు. ఏది మంచిదో మీరే చెప్పండి."

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె అన్నది నిజమని రెండు వారాల్లో తేలింది కూడా. అయినా ఆ 19 ఖరీదు ఎంతో ఆ రాత్రి కాగితం మీద లెక్కేసుకున్నాను. పద్దెనిమిది లోపు అని రాసి ఉంటే మొదటి రోజే ఎర్ర స్టిక్కరు పడేది. ఎర్ర స్టిక్కరుంటే ఆగస్టులోనే నా దగ్గరికి వచ్చేది, స్కాన్‌కి వెళ్లేది. ఈ ఎత్తుకీ, ఈ బరువుకీ, ఈ రక్తానికీ కాన్పు ఎక్కడన్నది అప్పుడే ఆలోచించేవాళ్లం. ఇంకోటి, నన్ను ఎక్కువ కలిచింది. ఉపకేంద్రంలో పేరు రాయించుకున్నప్పుడు ఆమెకు పదమూడో వారం. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఆమె ముందు పెట్టగలిగే సమయం అది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత మైనర్లకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా చట్టం అనుమతిస్తుంది, సంరక్షకుల సమ్మతి కావాలి. నా దగ్గరికి వచ్చేసరికి ఆ గడువు ఐదు రోజుల క్రితం దాటింది. వద్దనేదో, కావాలనేదో నాకు తెలియదు. అడిగినవాళ్లే లేరు. కార్డు మీద ఆమె పందొమ్మిదేళ్ల ఇల్లాలు, ఇల్లాలిని ఆ ప్రశ్న ఎవరడుగుతారు?

రెండో తప్పు: నాది

పోక్సో అంటే పద్దెనిమిది లోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం. దాని 19వ సెక్షను ప్రకారం అలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలియజేయకపోతే శిక్ష ఉంది. పెద్దలు కూర్చుని మనువు చేశారన్నది ఇక్కడ పనికి రాదు. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు భార్య అయినా పద్దెనిమిది లోపైతే మినహాయింపు లేదని తేల్చేసింది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పేరు చెప్పకుండా రిపోర్టు చేయొచ్చని 2022 సెప్టెంబరు తీర్పులో చెప్పింది. మాది ఆ సందర్భం కాదు.

కాబట్టి రిపోర్టు చేయాలా వద్దా అన్నది నా చేతిలో లేదు. ఎలా చేయాలన్నది నా చేతిలో ఉంది. అక్కడే నేను తప్పు చేశాను. ఒక లేఖ రాసి, ముద్ర వేసి, అటెండరుతో స్టేషనుకు పంపి, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఫోను చేయలేదు. అమ్మాయితో, ఆమె తల్లితో ముందుగా మాట్లాడలేదు. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, భయపడి చేశాను. కాగితం నా టేబుల్ మీంచి త్వరగా పోతే చాలనుకున్నాను.

మూడో రోజు జీపు వెళ్లింది. యూనిఫాంలో ఇద్దరు, మగవాళ్లే. జీపు కొండ మలుపు తిరిగేసరికే అబ్బాయి అడవిలోకి పోయాడు. ఆ రాత్రే అమ్మాయిని అతని మేనమామ ఊరికి, సరిహద్దు అవతలికి దాటించేశారు. తర్వాతి వారం అంగన్‌వాడీలో గర్భిణుల రోజు పెడితే, ఆ ఊరి నుంచి రావాల్సిన మరో ఇద్దరు రాలేదు. ఏఎన్‌ఎం "నేను చెప్పాను కదా" అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

అదే చట్టంలో 24వ సెక్షను ఉంది. బాలిక వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫాంలో ఉండకూడదు. ఇవన్నీ నేను ముందే చదివి, లేఖలో ఒక్క వాక్యం రాసి, ఒక్క ఫోను చేసి ఉంటే జీపు వెళ్లేది కాదనుకుంటాను. తర్వాత ఇంకో కేసులో అలాగే చేశాను. మహిళా ఎస్సై మామూలు చీరలో వచ్చారు, మా ఉపకేంద్రంలో కూర్చుని మాట్లాడారు. కేసు కేసే, కానీ ఎవరూ కొండ దాటి పోలేదు.

పనిచేయనివి

ఆమె కనబడకుండా పోయిన దాదాపు ఆరు వారాల్లో చేసినవన్నీ రాయను, చాలావరకు ఉత్తుత్తివే. ఆశను పంపితే "తెలీదు మేడం" అని వచ్చింది. మేనత్త కదా, ఇంకేం చెబుతుంది. సరిహద్దు అవతలి ఆసుపత్రికి ఫోను చేస్తే మర్యాదగా విన్నారు. సర్పంచిని పట్టుకుంటే ఊరి పరువు గురించి నాకే పాఠం చెప్పాడు.

అంతకుముందు ఇచ్చిన ఐరన్ మాత్రల సంగతి మాత్రం రాయాలి. ఉపకేంద్రంలో ఖాళీ స్ట్రిప్పులు చూసి మింగినట్టు రాసుకుంటారు. ఈమె స్ట్రిప్పులన్నీ ఖాళీ, ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆగస్టు నుంచి నవంబరు దాకా రక్తం పెరగలేదు. మామూలుగా అయితే నేను కొడవలి కణాల జబ్బు (సికిల్ సెల్) వైపు ఆలోచిస్తాను, మా ప్రాంతంలో ఆలోచించాలి కూడా. ఆ పరీక్ష చేయించాను, లేదని వచ్చింది. నవంబరు 9న ఇంకొక్క ప్రశ్న అడిగాను: విరేచనం నల్లగా అవుతోందా? లేదంది. ఐరన్ మింగినవాళ్లకు నల్లగా అవుతుంది. అంటే మాత్ర కడుపులోకి పోవట్లేదు. తర్వాత తెలిసింది, రోజూ ఒకటి విప్పి పొయ్యిలో పడేసేదట. బిడ్డ బాగా పెరిగితే సన్నటి పిల్ల కనలేదని అత్త భయం. మూఢనమ్మకం అని కొట్టిపారేయడం సులువు. ఆ అత్త మొదటి కాన్పులో మూడు రోజులు నొప్పులు పడిన మనిషి. చిన్న నడుముకి పెద్ద బిడ్డ అడ్డం పడుతుందన్న ఆమె లెక్కలో తప్పు లేదు. మాత్ర చేసే పని అది కాదు, అంతే. ఆ తేడా మాలో ఎవరూ ఆమె భాషలో కూర్చోబెట్టి చెప్పలేదు. స్ట్రిప్పులు లెక్కపెట్టాం.

పనిచేసింది

మా మలేరియా సూపర్‌వైజరుకు ఒక అలవాటు ఉంది. జ్వరాల కాలంలో ఇంటింటికీ తిరగడు, వారపు సంతలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. "ఊరికి మనం పోతే దాక్కుంటారు మేడం, సంతకు వాళ్లే వస్తారు" అన్నాడు. డిసెంబరు రెండో వారం నుంచి ఎండుచేపలమ్మే చోటుకి పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, బీపీ మిషను, రక్తం చూసే మిషను పెట్టుకుని నేనే కూర్చున్నాను. పేరు అడిగాం, వయసు అడగలేదు. మొదటి వారం ముసలమ్మలు మోకాళ్ల నొప్పులతో వచ్చారు. రెండో వారం వాళ్లే కోడళ్లను తెచ్చారు.

మూడో వారం ఒకామె వచ్చి, బీపీ చూపించుకోకుండా నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. జనం పలచబడ్డాక అడిగింది: "పోలీసోళ్లు ఆ పిల్లని పట్టుకుపోతారా?" ఈమె ఆ అమ్మాయికి తోటికోడలు. పదిహేడో ఏట మొదటి కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ ఏడవలేదు.

అక్కడ ఏం చెప్పాలన్నది నాకు ఈ కేసు మొత్తంలో కష్టమైన నిర్ణయం. కేసు ఆపిస్తానంటే అమ్మాయి ఆ వారమే వచ్చేది. కానీ అది నా చేతిలో లేని పని, మరో అబద్ధం అయ్యేది. ఇంకో 19. "కేసు ఆగదమ్మా. ఆపుతానని చెప్పను. ఆ పిల్లని మాత్రం ఎక్కడికీ పట్టుకుపోరు, ఆమె తప్పు చేయలేదు. ఎక్కడుండాలో నేను పెద్దవాళ్లను అడిగి వారం రోజుల్లో చెబుతాను" అన్నాను. జిల్లా బాలల సంక్షేమ కమిటీతో మాట్లాడాను, ఈసారి ఫోనులో, తర్వాత స్వయంగా. తల్లి దగ్గర ఉండొచ్చన్నారు. తల్లి ఆ ఏడు మిర్చి కోతలకు వెళ్లకుండా ఉండాలి. అంటే ఇంటికి నెలల తరబడి వచ్చే కూలి పోతుంది. ఆ డబ్బుకు బదులు చూపించే పథకం నాకు దొరకలేదు. తొలి కాన్పుకి ఇచ్చే మాతృ వందన సాయానికి వయసు నిబంధన ఉంది, పదహారేళ్ల తల్లికి అది రాదు. చిన్న వయసులో పెళ్లిళ్లను ప్రోత్సహించకూడదని పెట్టిన షరతు. ఉద్దేశం అర్థమవుతుంది. కానీ తిండి ఎక్కువ కావలసిన తల్లికే ఐదు వేలు ఆగిపోతాయి.

జనవరి మొదటి వారంలో అమ్మాయి సంతకు వచ్చింది. 32 వారాలు దాటాయి. బరువు 40, రక్తం 7.4. మాత్రలతో ఇంక సమయం చాలదు, పైగా మాత్రల కథ చూశాం. ఐరన్ సుక్రోజ్ నరానికి ఎక్కించాలని నిర్ణయించాను. లెక్క: 40 కిలోలు, 11 నుంచి 7.4 తీస్తే 3.6, దాన్ని 2.4తో హెచ్చవేస్తే 346, నిల్వకు 500 కలిపితే దాదాపు 850 మిల్లీగ్రాములు. 200 చొప్పున నాలుగు డోసులు, మిగిలింది ఎర్ర మాత్రలతో. వారానికి రెండుసార్లు బైక్ అంబులెన్సు ఆమెను కొండ దించి తెచ్చింది. ఈసారి తోటికోడలే ఒడియాలో అత్తకు చెప్పింది: మందు బిడ్డను లావు చేయదు, కాన్పులో రక్తం పోతే తల్లి తట్టుకోవడానికి. ఆ మాట చెప్పడానికి ఆమెకున్న అర్హత మా ఎవరికీ లేదు.

ఫిబ్రవరి మొదట్లో గర్భిణుల వసతి గృహానికి రమ్మంటే మొండికేసింది. డోలీలో రాత్రిపూట దిగడం కన్నా రెండు వారాల ముందే ఆసుపత్రి పక్కన ఉండటం మేలని ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపింది. కారణం అడిగితే చెప్పదు. అమ్మమ్మ చెప్పింది: "అక్కడ అందరూ నీకెన్నేళ్లని అడుగుతారంట." అంతే. అక్కడి సిస్టరుకు ఫోను చేసి, వయసు మా కేసు షీటులో ఉంది, మీలో ఎవరూ నోటితో అడగొద్దని చెప్పాను. అమ్మమ్మను తోడుగా ఉండనిచ్చారు. పన్నెండు రోజులున్నారు. ముసలామెకు అక్కడి సాంబారు నచ్చలేదు, చోడి (రాగి) అంబలి లేకుండా రోజులెలా గడుపుతారని రోజూ గొడవ.

కాన్పు ఆసుపత్రిలో, మామూలుగానే అయింది, నొప్పులు మాత్రం చాలాసేపు పడింది. రక్తం 9.8తో లోపలికి వెళ్లింది. ఆడపిల్ల, 2.1 కిలోలు. వెచ్చదనం కోసం తొమ్మిది రోజులు రొమ్ముకు కట్టుకుని ఉంచారు, తల్లి అలసిపోతే అమ్మమ్మ కట్టుకునేది.

తర్వాత

కాన్పు బల్ల మీదే కాపర్-టీ వేయించుకోమన్నారు. వద్దంది. వద్దన్న మాటను గౌరవించడం మాకు అలవాటు లేదు, లక్ష్యాలుంటాయి. అయినా ఆగాం. ఆరో వారం టీకాకు వచ్చినప్పుడు గర్భం రాకుండా వాడేవన్నీ బల్ల మీద పెట్టి చూపించాను. ఆమె అంతర ఇంజెక్షను ఎంచుకుంది. కారణం తానే చెప్పింది: ఇంట్లో ఎవరికీ కనబడదు. నా లెక్కలు వేరు. పాలకు ఇబ్బంది లేదు, నెలసరి తగ్గితే రక్తం మిగులుతుంది. పద్దెనిమిది లోపువాళ్లకు ఎముకల గట్టితనం గురించి కాస్త జాగ్రత్త కావాలి, కానీ ఏడాది లోపే రెండో గర్భం వస్తే జరిగే నష్టంతో పోలిస్తే అది చిన్నది. అకాల రక్తస్రావం అవ్వచ్చని ముందే చెప్పాను. అయింది. చెప్పి ఉండకపోతే రెండో డోసుకు వచ్చేది కాదు. మూడు నెలలకోసారి సంత రోజునే వేస్తున్నాం.

అబ్బాయి ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. కేసు కోర్టులో ఉంది కనుక ఇంతకంటే రాయను.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి కొన్ని. చిన్న వయసు గర్భిణి వస్తే, ముందు "బడి ఎప్పుడు ఆగింది?" అని అడుగుతాను, తర్వాతే మనువు గురించి. మా ప్రసూతి రిజిస్టరులో ఇలాంటి పేర్ల పక్కన పెన్సిలుతో వెనక్కి లెక్కేస్తే, పరీక్షలకూ హాస్టళ్లు మళ్లీ తెరవడానికీ మధ్య నెలల దగ్గర వేలు ఆగడం చాలాసార్లు చూశాను. ఒక పీహెచ్‌సీ రిజిస్టరుతో ఏదీ రుజువు కాదు. కానీ వేసవిలో హాస్టల్ గేటు మూసుకుంటే ఆ పిల్ల ఏ ఇంటికి వెళ్తుంది, ఆ ఇంట్లో ఎవరుంటారు అన్నది నా పనిలో భాగం కాదని ఇక అనుకోలేను. మార్చి నెలాఖరున మా పరిధిలోని ఆశ్రమ పాఠశాలకు వెళ్లి పదో తరగతి పిల్లలతో ఒక పూట కూర్చుంటున్నాను. నెలసరి, గర్భం ఎలా వస్తుంది, ఆగాలంటే ఏముంది, ఎక్కడ దొరుకుతుంది. ఫెయిలైతే ఫీజు ఎక్కడ కట్టాలన్నది కూడా అక్కడే చెబుతున్నాం, అది మాస్టారు చెబుతారు. నిరోధ్ డబ్బా ఆశ ఇంట్లోనే కాక సంతలో మా బల్ల కింద, ఎవరూ అడగకుండా తీసుకునేలా పెట్టాం. వారం వారం ఖాళీ అవుతోంది. ఎవరు తీసుకెళ్తున్నారో చూడలేదు, చూడకూడదనే నియమం పెట్టుకున్నాం. ఏఎన్‌ఎంతో మాట్లాడి వయసులు ఉన్నది ఉన్నట్టు రాయిస్తున్నాను. బదులుగా ఆమె నా దగ్గర ఒక మాట తీసుకుంది: స్టేషనుకు కాగితం పోయేముందు ఆ ఇంటికి నేను వెళ్లాలి.

నవంబరులో పాపకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు, అమ్మాయి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. తల్లీబిడ్డల కార్డు, దాని వెనకాలే మడత పెట్టిన పదో తరగతి మార్కుల కాగితం, పాత హాల్‌టికెట్. అన్నీ ఒకే కవరులో. లెక్కల పరీక్ష ఫీజు కట్టాలంటే ఏ కాగితాలు కావాలని అడిగింది. మా ఫార్మసిస్టు బైకు మీద వెళ్లి కట్టొచ్చాడు. మార్చిలో రాసింది. పరీక్ష జరిగిన బడి బయట మామిడిచెట్టు కింద అమ్మమ్మ పాపను ఒళ్లో వేసుకుని కూర్చుందట. 33 వచ్చాయి. పాస్ కావాలంటే 35.

సప్లిమెంటరీకి కట్టేసింది. ఈసారి గడువు ఆమెకే తెలుసు.